వెంట్రుక, ఆకు, పాలు, చేప కండ: ఐసోటోపుల కొలతకు నమూనా సిద్ధం చేయడం ఎలా?

"నమూనా ఎన్ని గ్రాములు పంపాలి?" స్థిర ఐసోటోపుల (ఒకే మూలకానికి చెందిన, బరువులో తేడా ఉన్న, కాలంతో విచ్ఛిన్నం కాని పరమాణువుల) కొలత మొదలుపెట్టే హైదరాబాదు పరిశోధక విద్యార్థులు నన్ను మొదట అడిగే ప్రశ్న ఇదే. వెంట్రుకలైతే అర మిల్లీగ్రాము చాలంటే చాలామంది నమ్మరు. ఒక సోనా మసూరి బియ్యపు గింజ బరువులో అది సుమారు ఇరవయ్యో వంతు. ఇంత కొద్ది పదార్థంతో పని జరుగుతుంది కనుక అందరికీ ఇది సులువుగా కనిపిస్తుంది. అదే కారణం చేత వేలి జిడ్డు, తలనూనె, గాలిలోని తేమ కూడా ఫలితంలో వాటా అడుగుతాయి. ఐసోటోపులను బరువును బట్టి వేరుచేసి కొలిచే యంత్రమైన మాస్ స్పెక్ట్రోమీటర్‌లో ఏది వేసినా ఒక అంకె వస్తుంది. నమూనా బాగాలేదని అది తనంతట తాను చెప్పదు. అందువల్ల ఇక్కడ యంత్రం గురించి కొంతే చెప్పి, తూకం బల్ల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

పనికి కావలసినంత సిద్ధాంతం ఇది. ప్రకృతిలోని కార్బన్‌లో సుమారు 1.1 శాతం కార్బన్-13, నత్రజనిలో సుమారు 0.37 శాతం నత్రజని-15 ఉంటాయి. ఈ నిష్పత్తుల్లోని అతి చిన్న తేడాను ఒక ప్రమాణంతో పోల్చి, వెయ్యికి ఎంత అన్న లెక్కలో డెల్టా విలువగా రాస్తారు. దాని కొలమానం పర్ మిల్. కార్బన్‌కు వీపీడీబీ అనే అంతర్జాతీయ కొలబద్ద, నత్రజనికి గాలిలోని నత్రజని ప్రమాణాలు. కిరణజన్య సంయోగక్రియ జరిగే తీరును బట్టి మొక్కలు సీ-3, సీ-4 అని రెండు రకాలు. వరి, గోధుమ, కంది, శనగ వంటి సీ-3 మొక్కల డెల్టా కార్బన్-13 సుమారు −27 దగ్గర, జొన్న, సజ్జ, రాగి, మొక్కజొన్న, చెరకు వంటి సీ-4 మొక్కలది −12, −13 దగ్గర ఉంటుంది. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో పరిశోధన జరిగే పంటల్లో జొన్న, సజ్జ ఒక గుంపులోకి, కంది, శనగ, వేరుశనగ రెండో గుంపులోకి వస్తాయి. అన్నం తినే ఇంటికీ, జొన్న రొట్టె తినే ఇంటికీ ఉన్న తేడా వెంట్రుకలో కనిపించేది ఇందుకే. ఆహార గొలుసులో ఒక మెట్టు పైకి వెళ్తే డెల్టా నత్రజని-15 సుమారు 3 నుంచి 4 పర్ మిల్ పెరుగుతుంది.

కావలసినవి

మైక్రోగ్రాము వరకు చూపే సూక్ష్మ త్రాసు, తగరపు కాప్సూళ్ళు, ఆమ్లంతో పని ఉంటే వెండి కాప్సూళ్ళు, మొనదేలిన పట్టకార్లు రెండు, 96 గుంటల ట్రే, పౌడర్ లేని నైట్రైల్ గ్లవ్స్, తేమ తగలకుండా ఉంచే, సిలికా జెల్ నింపిన డెసికేటర్, 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా ఉండే ఓవెన్ లేదా ఫ్రీజ్ డ్రయ్యర్, పొడి చేసేందుకు బాల్ మిల్ లేదా అగేట్ కల్వం, క్లోరోఫామ్, మిథనాల్, ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్. వీటితో పాటు ఒక చిన్న అద్దం ముక్క పెట్టుకోండి. అది దేనికో ఆరో మెట్టులో తెలుస్తుంది.

1. ప్రశ్నకు తగిన కణజాలాన్ని ఎంచుకోండి

తలవెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కనుక, మూలం నుంచి ఆరు సెంటీమీటర్లు కత్తిరిస్తే సుమారు ఆరు నెలల ఆహారం వరుసగా దొరుకుతుంది. ఎముకలోని కొల్లాజెన్ అనే ప్రొటీన్ అనేక సంవత్సరాల సగటు చెబుతుంది. రక్తంలోని ప్లాస్మా ఇటీవలి రోజుల సంగతి మాత్రమే చెబుతుంది. వెంట్రుకలను తలకు అంటుకునేలా కత్తిరించి, మూలం ఎటువైపు ఉందో దారంతో గుర్తు పెట్టి అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టండి. ఆ గుర్తు మరచిపోతే కాలక్రమం పోయినట్లే. మనుషుల నమూనాలకు సంస్థాగత నైతిక సంఘం అనుమతి, దాత రాతపూర్వక అంగీకారం ముందే ఉండాలి. కవరు మీద పేరు కాకుండా కోడ్ మాత్రమే రాయండి.

2. సేకరించిన చోటే చల్లబరచండి

హుస్సేన్ సాగర్‌లో పట్టిన చేపనైనా, ఉప్పల్ దాటాక మూసీ ఒడ్డున పాడి రైతు ఇచ్చిన పాలనైనా మంచు పెట్టెలో తెచ్చి −20 డిగ్రీల దగ్గర నిల్వ చేయండి. ఫార్మలిన్‌లో కార్బన్ ఉంది, ఇథనాల్ కణజాలంలోని కొవ్వును లాగేస్తుంది. రెండూ డెల్టా కార్బన్-13ను కదుపుతాయి. మ్యూజియం సీసాలోని పాత చేప తప్ప వేరే దిక్కు లేనప్పుడు, అన్ని నమూనాలూ ఒకే ద్రవంలో ఉన్నవే తీసుకొని ఆ సంగతి నివేదికలో రాయండి.

చేపతో పాటు అదే చెరువులోని నత్తలను కూడా తప్పక తీసుకోండి. ఆహార గొలుసు అడుగు మెట్టున ఉండే పునాది విలువను చూపేది అవే. మురుగు కలిసిన నీటిలో నత్రజని-15 పునాది విలువే పైకి జరిగి ఉంటుంది. పునాది తెలియకుండా హుస్సేన్ సాగర్ చేపను హిమాయత్ సాగర్ చేపతో పోల్చి "ఇది గొలుసులో పై మెట్టు చేప" అని రాస్తే, అది చేప గురించి కాక నీటి గురించి చెప్పినట్లవుతుంది.

3. వెంట్రుకలను కడగండి, ఒక్కసారితో ఆపకండి

ఈ మెట్టులో నేనే దెబ్బతిన్నాను. మొదటిసారి తలవెంట్రుకలు సిద్ధం చేసినప్పుడు షాంపూతో, తరువాత నీటితో కడిగి సరిపెట్టుకున్నాను. ఫలితాల్లో ఒక పది మంది మిగతావారి కంటే కార్బన్-13లో తగ్గి కనిపించారు. వారి భోజనంలో ఏదో విశేషం ఉందనుకొని దాని మీద ఒక పేరా కూడా రాశాను. కార్బన్–నత్రజని నిష్పత్తి గడి చూసేసరికి ఆ పదిమందికీ 4 దాటి ఉంది, శుభ్రమైన వెంట్రుకకు అంత రాదు. ఆరా తీస్తే అందరూ రోజూ కొబ్బరినూనె పెట్టుకునేవారే. భోజనం కాదు, తలనూనె. ఆ పేరా కొట్టేసి, మిగిలిన వెంట్రుకలను మళ్ళీ కడిగాను.

రెండు పాళ్ళ క్లోరోఫామ్, ఒక పాలు మిథనాల్ కలిపిన ద్రవంలో వెంట్రుకలను ముంచి, అరగంట తరువాత ద్రవం పారబోసి, ఇలా కనీసం మూడుసార్లు చేయండి. చివరిసారి తీసిన ద్రవాన్ని గాజు పలక మీద ఒక చుక్క వేసి ఆరనిస్తే జిడ్డు మరక మిగలకూడదు. మిగిలితే నాలుగోసారి కడగండి. తరువాత డీఅయనైజ్డ్ నీటితో రెండుసార్లు కడిగి ఆరబెట్టండి. గోరింటాకు లేదా రంగు వేసిన వెంట్రుక ఈ కడుగుడుతో పూర్తిగా శుభ్రపడుతుందని నమ్మకండి. వీలైతే రంగు లేని మూలం వైపు భాగమే తీసుకోండి.

హెచ్చరిక: క్లోరోఫామ్, మిథనాల్ పని ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి. వాడిన క్లోరోఫామ్‌ను సింకులో పోయకుండా హాలోజన్ వ్యర్థాల డబ్బాలో వేయండి.

4. కొవ్వు, సున్నం సంగతి విడిగా చూడండి

కొవ్వులో ప్రొటీన్ కంటే కార్బన్-13 తక్కువ. చేప కండలో కార్బన్–నత్రజని బరువు నిష్పత్తి 3.5 దాటితే కొవ్వు ఫలితాన్ని లాగుతోందని అర్థం. పై ద్రవంతోనే కొవ్వు తీయవచ్చు, కానీ ఆ పని డెల్టా నత్రజని-15ను కూడా కొద్దిగా కదపగలదు. అందువల్ల నమూనాను రెండుగా పంచి, కొవ్వు తీసిన భాగంలో కార్బన్, తీయని భాగంలో నత్రజని కొలవడం ఉత్తమం. డబ్బు రెట్టింపవుతుందనుకుంటే నీటి జంతువుల కండకు లెక్కతో సవరణ ఉంది: బరువు నిష్పత్తిని 0.99తో గుణించి 3.32 తీసివేసి, వచ్చినదాన్ని డెల్టా కార్బన్-13కు కలపాలి. నిష్పత్తి 4.2 అయితే సవరణ సుమారు 0.84 పర్ మిల్. పాలను మాత్రం సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేలిన వెన్నను తీసేసి, మిగిలినదాన్ని ఫ్రీజ్ డ్రయ్ చేయండి.

సున్నంలోని (కార్బనేట్) కార్బన్ కణజాలపు కార్బన్‌తో కలిసిపోయే బెడద నత్తలకు, పీతలకు, మట్టి అంటిన వేర్లకు ఉంటుంది. నల్లరేగడి నేలలో పెరిగిన వేర్లను ప్రత్యేకంగా అనుమానించండి. పొడి మీద ఒక చుక్క సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే బుడగలు వస్తే సున్నం ఉన్నట్లే. అలాంటి పొడిని వెండి కాప్సూల్‌లో తూచి, కొద్దిగా తడిపి, గాఢ ఆమ్లం గిన్నె ఉన్న మూత పాత్రలో ఆవిరి పట్టించి, 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి. తగరాన్ని ఆమ్లం తినేస్తుంది కనుక ఇక్కడ తగరపు కాప్సూల్ పనికిరాదు. ఆరిన వెండి కాప్సూల్‌ను తగరపు కాప్సూల్‌లో పెట్టి మడిస్తే కొలిమిలో బాగా మండుతుంది. నత్రజనిని మాత్రం ఆమ్లం తగలని భాగంలోనే కొలవండి.

5. ఆరబెట్టి పొడి చేయండి

60 డిగ్రీల దగ్గర 48 గంటలు చాలు. పిండిలా మెత్తగా నూరాలి. ఆకులో ఈనెకూ పత్రదళానికీ విలువలు వేరుగా ఉంటాయి కనుక గరుకు పొడిలో అర మిల్లీగ్రాము తీస్తే ఏది వచ్చిందో మీకే తెలియదు. వెంట్రుకను నూరకుండా పదునైన కత్తెరతో ఒక మిల్లీమీటరు కంటే చిన్న ముక్కలుగా కత్తిరిస్తే సరిపోతుంది. జూలై, ఆగస్టు నెలల్లో మన ఊరి గాలిలో పొడి సీసా మూత తెరిచి ఉంచితే త్రాసు మీదే బరువు పెరుగుతూ కనిపిస్తుంది. ఆ నెలల్లో ఒక్కో సీసానే డెసికేటర్‌లోంచి తీసి, తూచి, వెంటనే లోపల పెట్టండి. ఎండాకాలంలో ఇబ్బంది దీనికి ఎదురు: పొడి స్థిర విద్యుత్తుతో గరిటెకు అంటుకుంటుంది, కాప్సూల్ అంచుకు ఎగురుతుంది. యాంటీ-స్టాటిక్ పరికరం వాడండి, ఫ్యాన్ ఆపండి.

6. తూకం, మడత

ఎంత తూచాలో నత్రజని శాతం చెబుతుంది. వెంట్రుకలో నత్రజని సుమారు 15 శాతం, కార్బన్ సుమారు 45 శాతం, 0.5 మిల్లీగ్రాములో 75 మైక్రోగ్రాముల నత్రజని, 225 మైక్రోగ్రాముల కార్బన్ వస్తాయి. రెండు శాతం నత్రజని ఉన్న ఆకులో ఇంచుమించు అంతే నత్రజని కావాలంటే 3 మిల్లీగ్రాములు వేయాలి. అప్పుడు కార్బన్ 1.3 మిల్లీగ్రాములవుతుంది, అంటే వెంట్రుకలో కంటే సుమారు ఆరు రెట్లు. వరి గడ్డిలో నత్రజని ఒక శాతం కూడా ఉండదు కనుక అక్కడ ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ఇలాంటప్పుడు నమూనా మండితే వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను హీలియంతో పలచన చేయమని ప్రయోగశాలకు ముందే రాయండి, లేదా కార్బన్‌కు, నత్రజనికి వేర్వేరు కాప్సూళ్ళు తూచండి. ఇవన్నీ మొదటి అంచనాలే. యంత్రాన్ని బట్టి కావలసిన బరువు మారుతుంది కనుక కొలిచే ప్రయోగశాలను అడిగి ఖరారు చేసుకోండి.

మడత చేత్తో నేర్వవలసిన పని. కాప్సూల్‌ను పట్టకారుతో నిలబెట్టి, రెండో పట్టకారుతో పై అంచును చదునుగా నొక్కి, ఒక మడత వేసి, పక్కకు తిప్పి మళ్ళీ మడిచి, చివరికి పెసరగింజంత గట్టి ఉండగా చేయండి. లోపల గాలి చిక్కితే అందులోని నత్రజని కూడా మీ నమూనా లెక్కలో పడుతుంది కనుక, నొక్కుతూ గాలిని తోసేయాలి. ఉండకు మొనలు, రెక్కలు మిగిలితే నమూనాలను ఒక్కొక్కటిగా యంత్రంలో వేసే ఆటోశాంప్లర్ గుంటలో ఇరుక్కుపోయి, తరువాతి నమూనాతో కలిసి పడుతుంది. ఇప్పుడు అద్దం ముక్క తీసుకోండి. ఉండను సెంటీమీటరు ఎత్తు నుంచి అద్దం మీద రెండుమూడుసార్లు వదలండి. అద్దం మీద ధూళి రవ్వ కనిపిస్తే కాప్సూల్ చిరిగిందన్నమాట. దాన్ని ఇంకో కాప్సూల్‌లో చుట్టడం కంటే పారేసి కొత్తగా తూచడమే మేలు, ఎంత పొడి పోయిందో మీకు తెలియదు కదా. అద్దం తుడిచి తరువాతిది మొదలుపెట్టండి.

ట్రేలో ఏ గుంటలో ఏది వేశారో వేసిన క్షణమే రాయండి. మూతకూ గుంటలకూ మధ్య ఖాళీ ఉంటే రవాణాలో ఉండలు పక్క గుంటల్లోకి దూకుతాయి. ఒక పలచని కార్డు పరిచి, టేపుతో బిగించండి.

7. ప్రమాణాలను నమూనాల మధ్య కూర్చండి

ఇక్కడ ప్రమాణం అంటే విలువ ముందే తెలిసిన పదార్థం. సేంద్రియ పదార్థానికి సేంద్రియ ప్రమాణమే వాడాలి. నమూనా పొందిన ప్రతి సంస్కారం అదీ పొందాలి. అమెరికా భూగర్భ సర్వే సంస్థ (యూఎస్‌జీఎస్) గ్లుటామిక్ ఆమ్లంతో చేసిన యూఎస్‌జీఎస్-40కి డెల్టా కార్బన్-13 −26.39, డెల్టా నత్రజని-15 −4.52, యూఎస్‌జీఎస్-41ఏకు +36.55, +47.55. వెంట్రుకల పనికి నేను యూఎస్‌జీఎస్-43 ఇష్టపడతాను, అది భారతీయుల తలవెంట్రుకలతో తయారైన ప్రమాణం. దాని విలువలు −21.28, +8.44. అయితే దాన్ని లెక్క కట్టడానికి కాక, లెక్క సరిపోయిందో లేదో చూడడానికి తెలియని నమూనాలా నడపండి.

ప్రతి పది, పన్నెండు నమూనాలకు ఒకసారి ప్రమాణాలు, మొదట్లో మూడు ఖాళీ తగరపు కాప్సూళ్ళు, పదింటికి ఒక నమూనా రెండుసార్లు చొప్పున ఉంచండి. బరువు పెరిగితే విలువ జరుగుతుందో లేదో చూడడానికి ఒకే ప్రమాణాన్ని 0.2 నుంచి 1 మిల్లీగ్రాము వరకు ఐదు బరువుల్లో వేయండి. ప్రమాణాలకు చోటు పోతోందని బాధపడేవారు ఉంటారు. ఆ చోటు మిగుల్చుకుంటే మిగతా ట్రే అంతా అనుమానంలో పడుతుంది.

హెచ్చరిక: ట్రేసర్ ప్రయోగాల్లో కార్బన్-13 లేదా నత్రజని-15 కలిపి పెంచిన నమూనాలను సహజ నమూనాలతో ఒకే బల్ల మీద, ఒకే పట్టకారుతో ముట్టుకోకండి. వాటి జాడ యంత్రంలో తరువాతి నమూనాలకు కూడా అంటుతుంది. అవి ఉన్నాయని ప్రయోగశాలకు ముందే చెప్పండి.

8. యంత్రం దగ్గర అడగవలసినవి

కాప్సూల్ సుమారు 1,020 డిగ్రీల కొలిమిలో ఆక్సిజన్‌తో భగ్గున మండుతుంది. 650 డిగ్రీల రాగి, నత్రజని ఆక్సైడ్లను నత్రజని వాయువుగా మారుస్తుంది, మిగిలిన ఆక్సిజన్‌ను పట్టేస్తుంది. మెగ్నీషియం పర్‌క్లోరేట్ తేమ తీస్తుంది. తరువాత నత్రజనిని 28, 29, 30 ద్రవ్యరాశుల దగ్గర, కార్బన్ డయాక్సైడ్‌ను 44, 45, 46 దగ్గర కొలుస్తారు. మీరు పక్కన ఉంటే మూడు చూడండి: గాలి లీకు పట్టిచ్చే 40 దగ్గర ఆర్గాన్, తేమ తెలిపే 18, పదిసార్లు వదిలిన రిఫరెన్స్ వాయువు విలువల్లో చెదరు. ఆ చెదరు 0.06 పర్ మిల్ లోపు ఉంటే మొదలుపెట్టవచ్చు. నమూనాల మధ్యలో 30 దగ్గర గీత పెరుగుతుంటే రాగి అయిపోయిందని అనుమానించండి. మధ్యలో కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే, శూన్యం నిలకడకు వచ్చాక ప్రమాణాలను మళ్ళీ నడపకుండా మిగతా ట్రేను కొనసాగించనివ్వకండి.

9. లెక్క మీరే ఒకసారి కట్టండి

ఆ రోజు యూఎస్‌జీఎస్-40 కార్బన్ విలువ −26.10గా, 41ఏ విలువ +36.20గా వచ్చాయనుకోండి. అసలు విలువల మధ్య దూరం 62.94, కొలిచిన దూరం 62.30, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చే వాలు 1.0103. ఈ వాలుతో −26.10ను గుణించి అసలు విలువతో పోల్చితే ఇంకా −0.02 కలపాలని తేలుతుంది. ముడి విలువ −20.90 వచ్చిన వెంట్రుకకు అసలు విలువ −21.14. ఒకే ప్రమాణంతో కేవలం 0.29 తీసివేసి ఊరుకుంటే −21.19 వచ్చేది, సీ-4 వైపు ఉన్న నమూనాలకు ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

10. ఫలితం నమ్మదగిందేనా?

డెల్టా గడుల కంటే ముందు శాతాల గడులు చూడండి. కార్బన్ 44.8, నత్రజని 14.6 శాతం వస్తే బరువు నిష్పత్తి 3.07, దాన్ని 1.166తో గుణిస్తే పరమాణు నిష్పత్తి 3.58. వెంట్రుకకు 3.0 నుంచి 3.8, ఎముక కొల్లాజెన్‌కు 2.9 నుంచి 3.6 మధ్య పరమాణు నిష్పత్తి ఉండాలి. ఇక్కడే చాలామంది బరువు నిష్పత్తిని పరమాణు హద్దులతో పోల్చి మురికి నమూనాను పాస్ చేస్తారు. రెండు శాతాలూ ఒకే తీరున తగ్గితే తేమ లేదా తూకం తప్పు. దానివల్ల డెల్టా విలువ చెడకపోవచ్చు. నత్రజని ఉండవలసినంత ఉండి కార్బన్ ఒక్కటే పెరిగితే జిడ్డు. రెండుసార్లు వేసిన నమూనాల మధ్య తేడా 0.2 పర్ మిల్ దాటితే పొడి మెత్తగా లేదని అర్థం. పరీక్షగా వేసిన యూఎస్‌జీఎస్-43 తన విలువకు 0.2 లోపు రాకపోతే మిగతా పట్టిక వైపు చూడకండి.

ఇవన్నీ సరిపోయాక కూడా వింతగా ఉన్న అంకె కనిపిస్తే నమూనా పుట్టిన చోటికి వెళ్ళి చూడండి. ఉప్పల్, పీర్జాదిగూడ వైపు మూసీ నీటితో పెంచే పారా గడ్డి సీ-4 మొక్క. ఆ గడ్డి మేసిన గేదె పాలు వరి గడ్డి తిన్న గేదె పాల కంటే కార్బన్-13లో స్పష్టంగా పైన ఉంటాయి. అలాంటి పాలను చూసి "మొక్కజొన్న దాణా పెట్టారు" అని రాసేముందు, ఆ ఇంటి ముందున్న మేత మోపును ఒకసారి చూసి, రెండు పరకలు కవరులో వేసుకొని రండి, వాటినీ కొలవండి.

నివేదికలో వాడిన ప్రమాణాల పేర్లు, వాటికి తీసుకున్న విలువలు, కడిగిన పద్ధతి, కొవ్వు లేదా సున్నం తీశారా లేదా, పరీక్ష ప్రమాణానికి వచ్చిన విలువ రాయండి. మిగిలిన పొడిని ట్రే సంఖ్యతో సహా డెసికేటర్‌లో ఉంచండి. సమీక్షకుడు మళ్ళీ కొలవమని అడిగేది సాధారణంగా ఏడాది తరువాతే.